మీకు తెలుసా? 30,000 కాపీలు కాపాడిన ప్రేమకథ

1974లో జపాన్‌లో ఒక అమ్మాయిల వారపత్రిక 'థామస్ హృదయం' అనే బొమ్మల కథను మొదలుపెట్టింది. గీసింది మోతో హాగియో, అప్పటికి ఆమెకు పాతికేళ్లు. జర్మనీలో మగపిల్లల హాస్టల్ బడి, ఒక కుర్రాడి చావు, అతను మరో కుర్రాడికి రాసిపెట్టి వెళ్లిన ఉత్తరం: అదీ కథ. పాఠకుల ఓట్లలో అది అట్టడుగున నిలిచింది. ఆపేద్దామన్నాడు ఎడిటర్. సరిగ్గా ఆ రోజుల్లోనే హాగియో అంతకుముందు గీసిన 'పో వంశం' పుస్తకంగా వచ్చింది, వేసిన 30,000 కాపీలూ మూడు రోజుల్లో చెల్లిపోయాయి. ఇంక ఆపమనడానికి ఎవరికీ నోరు రాలేదు. థామస్ కథ ఆ ఏడాది చివరిదాకా నడిచింది. ఇద్దరబ్బాయిల ప్రేమను చెప్పే బాయ్స్ లవ్ కథలకు, అభిమానులు పొట్టిగా బీఎల్ అనేవాటికి, పునాదిరాళ్లలో అదొకటి.

ఈ కథలు రాసేదీ చదివేదీ ఎక్కువగా ఆడవాళ్లేనని తెలుసా? 1970ల మొదట్లో హాగియో, కెయికో తకెమియా టోక్యోలో ఒకే అద్దింట్లో ఉంటూ బొమ్మలు గీసేవారు. వాళ్ల తరాన్ని '24వ ఏటి బృందం' అంటారు. జపాన్ లెక్కలో షోవా 24, అంటే 1949 ప్రాంతంలో పుట్టినవాళ్లని. తకెమియా తర్వాత క్యోటోలో ఒక విశ్వవిద్యాలయానికి అధ్యక్షురాలయ్యారు.

జపాన్ బొమ్మల కథల్ని మాంగా అంటారు, వాటిని కుడి నుంచి ఎడమకు చదవాలి. ఫోన్లో చదివే కొరియావాళ్ల బొమ్మల కథ వెబ్‌టూన్‌కు ఆ తిప్పలు లేవు, బావిలోకి చేద దిగినట్టు పైనుంచి కిందికి జారుతుంది. ఫోను పట్టుకున్న చేతి బొటనవేలు చాలు. మా కె.గంగవరం మండలంలో కోటిపల్లి రేవు దగ్గర ముక్తేశ్వరం వెళ్లే పంటు కోసం కూర్చున్నప్పుడు నేను చదివేది అలాగే. గౌతమి అవతలి ఒడ్డు నుంచి పంటు వచ్చేలోపు ఒక భాగం అయిపోతుంది.

అలా చదవడానికి మొదట దేన్ని ఎత్తుకోవాలని ఎవరడిగినా 'హార్ట్‌స్టాపర్' అంటాను. ఇంగ్లండ్ రచయిత్రి ఆలిస్ ఓస్‌మన్ 2016లో దీన్ని వెబ్‌లో ఉచితంగా పెట్టడం మొదలుపెట్టారు. ఇందులోని జంట చార్లీ, నిక్ ఆమె 2014 నవల 'సాలిటేర్'లో పక్కపాత్రలు. వాళ్లను వదల్లేక వాళ్లకే ఒక కథ కట్టారు. 2018లో పాఠకుల చందాలతో తొలి పుస్తకం అచ్చయింది. అదే ఏడు సెప్టెంబర్ 6న మన సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసిన పెద్దల స్వలింగ ప్రేమ నేరం కాదని తీర్పు చెప్పింది. నాకు ఆ రెండూ ఒకే జ్ఞాపకంగా ఉండిపోయాయి.

యూకి ఫుమినో గీసిన 'ఐ హియర్ ది సన్‌స్పాట్' నాకు ప్రాణం. అందులో కోహెయికి చదువుకునే వయసులోనే వినికిడి తగ్గిపోయింది. కాలేజీలో పాఠాలు అందక ఒంటరిగా మిగిలినవాడికి గట్టిగా మాట్లాడే తాయిచి నోట్సు రాసిపెడతాడు, బదులుగా కోహెయి క్యారేజీలో అన్నం తింటాడు. ప్రేమ అన్న మాట రావడానికి చాలా ముందే, ఎదుటివాడికి వినపడేలా మాట్లాడడమంటే ఏమిటో ఆ కథ చూపిస్తుంది. చెవుడును ఎగతాళికి వాడుకున్న మన హాస్యం ఎంతో విన్నాక, ఇది చదువుతుంటే గొంతు పట్టేసింది.

ఒక మాట. బీఎల్‌లో పెద్దలకే తగినవీ బోలెడు. ఇంట్లో పిల్లలుంటే అట్ట మీది వయసు గుర్తు చూసి ఇవ్వండి.

ఇక చివరగా దాచుకున్నది కావోరి త్సురుతానీ గీసిన 'బీఎల్ మెటామార్ఫసిస్'. ఇది బీఎల్ కథ కాదు, బీఎల్ చదివేవాళ్ల కథ. భర్తను పోగొట్టుకున్న 75 ఏళ్ల యూకి, అట్ట మీది బొమ్మ ముచ్చటగా ఉందని పుస్తకాల షాపులో ఒక మాంగా కొంటుంది. ఇంటికెళ్లి తెరిస్తే ఇద్దరబ్బాయిల ప్రేమ! మూసేయదు, తర్వాతి భాగం కోసం మళ్లీ షాపుకొస్తుంది. అక్కడ పనిచేసే పదిహేడేళ్ల ఉరారా ఇవే పుస్తకాలను ఎవరికీ చెప్పకుండా చదువుకునే పిల్ల. ఇద్దరికీ స్నేహం కుదురుతుంది. జపనీస్ పేరులో ఉన్న 'ఎన్‌గావా' అంటే జపాన్ ఇళ్లకు అంచున ఉండే చెక్క వసారా. కోనసీమ లోగిళ్లలో పెరిగినవాళ్లకు ఆ చోటు వివరించక్కర్లేదు. బామ్మా మనవరాలూ అనదగ్గ ఆ ఇద్దరూ అక్కడే కూర్చుని, ఆ కుర్రాళ్లు ఎప్పుడు మనసు విప్పుకుంటారా అని మాట్లాడుకుంటారు. ఉరారా తనూ బొమ్మలు గీయాలనుకుంటే ధైర్యం చెప్పేదీ బామ్మే.

2017 నుంచి 2020 వరకు భాగాలుగా సాగి, ఐదు సంపుటాలైంది. అందులో ఒకచోట యూకి, తనకిష్టమైన కథ తర్వాతి భాగం ఎన్నాళ్లకు వస్తుందో అడిగి తెలుసుకుని, ఇంకెన్ని భాగాలకు తన ఆయుష్షు సరిపోతుందో లెక్కేసుకుంటుంది.