‘మందుగుండు’లో లేని మూడో వస్తువు: రైఫిల్ తూటా గొట్టం – నిల్వ, రీలోడింగ్

వ్యాససంగ్రహం

రైఫిల్ క్రీడను అభిరుచిగా సాగించేవారిలో కొందరు, ముఖ్యంగా అమెరికాలో, కాల్చిన తూటా గొట్టాలను పారవేయక ఇంట్లోనే తిరిగి నింపుకొంటారు. దీనిని రీలోడింగ్ అంటారు. ఈ అలవాటుకు ఆధారం మందూ కాదు, గుండూ కాదు. వాటిని పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. ఆ గొట్టం నిర్మాణం, లోహస్వభావం, నిల్వ, చట్టపరమైన స్థితి ఈ వ్యాసంలో పరిశీలించబడ్డాయి.

కీలక పదాలు: తూటా, ప్రైమర్, ఇత్తడి, రీలోడింగ్, సీజన్ క్రాకింగ్, ఆయుధాల చట్టం.

1. ఉపోద్ఘాతం

‘మందుగుండు’ అనే సమాసంలో రెండు వస్తువులే ఉన్నాయి: మందు, గుండు. తుపాకీ నోటిలో మొదట మందు పోసి, పిదప గుండు వేసి, కడ్డీతో దట్టించిన కాలానికి ఈ మాట సరిగ్గా సరిపోయింది. 1857 తిరుగుబాటు ప్రస్తావనలో మన పాఠ్యపుస్తకాలన్నింటిలో కనిపించే ఎన్‌ఫీల్డ్ తూటా కూడా మందునూ గుండునూ కలిపి చుట్టిన కాగితపు పొట్లమే. సిపాయి దాని కొన కొరికి, మందు పోసి, మిగిలినదాన్ని గొట్టంలోకి దింపేవాడు. కాల్చిన తరువాత తిరిగి వాడుకోదగినదేదీ మిగిలేది కాదు.

ఆ తిరుగుబాటు ముగిసిన పదేళ్ళలోపే కాగితం స్థానంలోకి లోహం వచ్చింది. తూటాలో నాలుగు భాగాలు ఏర్పడ్డాయి: ముందు గుండు, లోపల మందు, అడుగున నిప్పురవ్వ పుట్టించే ప్రైమర్, ఈ మూడింటినీ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం. మొదటి మూడూ ఒక్క పేలుడుతో ఖర్చయిపోతాయి. గొట్టం మాత్రం కాల్చినవాని చేతికి తిరిగి వస్తుంది. తెలుగులో దీనికి స్థిరమైన పేరు లేదు. పత్రికల్లో ‘ఖాళీ తూటా’, ‘తూటా షెల్’, ‘కార్ట్రిడ్జ్’ అని రకరకాలుగా కనిపిస్తుంది. ఈ వ్యాసంలో మొత్తం వస్తువును ‘తూటా’ అనీ, దూసుకుపోయే లోహపు ముక్కను ‘గుండు’ అనీ, మిగిలేదానిని ‘తూటా గొట్టం’ అనీ వ్యవహరిస్తాను. ఈ విభజన మాటల పట్టింపు కాదని చివరి భాగంలో స్పష్టమవుతుంది.

2. ఒక రంధ్రమా, రెండా?

1866లో ఇద్దరు సైనికాధికారులు రెండు వేర్వేరు ప్రైమర్ పద్ధతులకు పేటెంట్లు పొందారు. ఒకరు అమెరికన్ అంతర్యుద్ధంలో గురికాండ్ర దళాన్ని నడిపిన హైరమ్ బెర్డన్. మరొకరు ఇంగ్లండులోని వూలిచ్ రాయల్ లాబొరేటరీకి అధిపతిగా ఉన్న ఎడ్వర్డ్ బాక్సర్. తుపాకీ సుత్తి తాకినప్పుడు ప్రైమర్‌లోని రసాయనం నలగాలంటే దానికి ఎదురుగా చిన్న దాగలి వంటిది ఉండాలి. బెర్డన్ ఆ దాగలిని గొట్టం అడుగులోనే భాగంగా మలిచి, దానికి ఇరుపక్కలా నిప్పు లోపలికి పోయే రంధ్రాలు పెట్టాడు. బాక్సర్ దాగలిని ప్రైమర్‌లోనే అమర్చి, గొట్టం అడుగున నట్టనడుమ ఒకే రంధ్రం విడిచాడు.

కర్మాగారం దృష్టిలో బెర్డన్ పద్ధతికి కొంత సౌలభ్యం ఉంది. ప్రైమర్ తయారీ సులభమవుతుంది. కాల్చిన గొట్టాన్ని తిరిగి వాడదలచినవానికి మాత్రం బాక్సర్ పద్ధతే వరం. గొట్టం నోటిలోంచి సన్నని ఉక్కు సూది దింపితే అది నడిమి రంధ్రం గుండా సూటిగా పోయి పాత ప్రైమర్‌ను బయటికి తోసివేస్తుంది. బెర్డన్ గొట్టంలో ఆ సూదికి దాగలి అడ్డు వస్తుంది. పాత ప్రైమర్‌ను వెలుపలినుండి పెకలించాలి, లేదా గొట్టం నిండా నీరు పోసి ఒత్తిడితో వెడలగొట్టాలి.

విచిత్రమేమంటే అమెరికన్ పద్ధతి ఐరోపా సైన్యాలలో స్థిరపడింది; ఆంగ్లేయుని పద్ధతి అమెరికాలో స్థిరపడింది. భారతదేశంలో దశాబ్దాలపాటు వాడుకలో ఉన్న .303 సైనిక తూటాలు ప్రధానంగా బెర్డన్ రకమే. రీలోడింగ్ అమెరికాలో గృహపరిశ్రమ స్థాయి అభిరుచిగా ఎదగడానికి ఆయుధస్వేచ్ఛ, విశాలమైన వేటభూములు వంటి కారణాలు చెబుతారు. అవి నిజమే. కాని గొట్టం అడుగున ఉన్న ఆ ఒక్క రంధ్రాన్ని ఈ కారణాల పట్టికలో చేర్చకపోవడం పొరపాటని నా అభిప్రాయం.

మరో అడ్డంకి రసాయనానిది. తొలినాటి ప్రైమర్లలో పాదరసపు ఫల్మినేట్ ఉండేది. పేలినప్పుడు విడుదలైన పాదరసం ఇత్తడిలోకి చొచ్చుకుపోయి గొట్టాన్ని పెళుసుగా మార్చేది. దాని తరువాత వచ్చిన పొటాషియం క్లోరేటు ఇత్తడిని విడిచిపెట్టి తుపాకీ గొట్టాన్ని పట్టుకుంది: అది మిగిల్చే లవణం గాలిలోని తేమను పీల్చి ఉక్కును తుప్పు పట్టిస్తుంది. ఆ లవణం నూనెకు కరగదు, నీటికి కరుగుతుంది. అందుకే పాత సైనిక నిల్వల తూటాలు కొన్నవారు నేటికీ తుపాకీని ముందు నీటితోనే కడుగుతారు. తరువాత వచ్చిన సీసపు స్టిఫ్నేట్ ఈ రెండు దోషాలనూ తొలగించింది; బదులుగా సీసపు ధూళిని మిగిల్చింది. కాల్చిన గొట్టాలను పొడి రవ్వలో దొర్లించి శుభ్రం చేసే యంత్రం నుండి లేచే దుమ్ము, ఈ అభిరుచిలో పేలుడు కంటె నిశ్శబ్దమైన ప్రమాదం. పిల్లలు తిరిగే గదిలో ఆ పని చేయరాదనే హెచ్చరిక అందుకే.

3. వానాకాలంలో పగిలిన ఇత్తడి

తూటాల నిల్వ గురించి ప్రపంచానికి లోహశాస్త్రం నేర్పిన ఒక ముఖ్యమైన పాఠం భారతదేశపు గుర్రపుశాలల్లో మొదలైంది. బ్రిటిష్ సైన్యం వానాకాలంలో తూటాలను శాలల్లో భద్రపరిచేది. బయటికి తీసినప్పుడు కొన్ని గొట్టాలు, ముఖ్యంగా గుండును బిగించి పట్టిన మెడ భాగంలో, నిలువునా పగిలి కనిపించేవి. ఎవరూ కాల్చలేదు, ఎవరూ కొట్టలేదు. ఈ వింతకు ‘సీజన్ క్రాకింగ్’ అనే పేరు స్థిరపడింది. చాలాకాలం కారణం తెలియలేదు.

1921లో మూర్, బెకిన్‌సేల్, మాలిన్‌సన్ అనే పరిశోధకులు దీనిని వివరించారు. ఇత్తడి గొట్టాన్ని చల్లని స్థితిలో సాగదీసి తయారుచేస్తారు. ఆ సాగదీతలో కొంత బిగువు లోహంలో అణగి ఉండిపోతుంది. గుర్రాల మూత్రం నుండి పుట్టే అమోనియా, వానాకాలపు తేమ కలిసినప్పుడు, ఆ బిగువు ఉన్నచోట లోహపు రేణువుల సరిహద్దుల వెంబడి పగులు సాగుతుంది. బిగువు మాత్రమే ఉంటే పగలదు. అమోనియా మాత్రమే ఉన్నా ఆ విధంగా పగలదు. రెండూ కలవాలి. పరిహారం కూడా ఇందులోనే ఉంది: మెడను తగిన వేడికి గురిచేసి బిగువు సడలించడం. నేటి సైనిక తూటాల మెడల మీద కనిపించే నీలి, ఊదా ఛాయల మచ్చ ఆ వేడి విడిచిన గుర్తే.

నేటి రీలోడర్‌కు ఇది గతచరిత్ర కాదు. కొన్ని ఇత్తడి మెరుగు ద్రావణాలలో అమోనియా ఉంటుంది. గొట్టాలను తళతళలాడించాలనే ఉబలాటంతో వాటిని వాడితే ఆనాటి గుర్రపుశాలను బల్లమీదికి తెచ్చుకున్నట్లే. అనుభవజ్ఞులు అమోనియాను విడిచి, నిమ్మఉప్పు కలిపిన నీటితో గొట్టాలను కడుగుతారు. మన ఇళ్ళలో ఇత్తడి బిందెను చింతపండుతో తోమడంలో ఉన్న సూత్రమూ ఇదే: బలహీనమైన ఆమ్లం పైపొర మకిలిని కరిగిస్తుంది, లోహాన్ని పెద్దగా ముట్టదు.

4. గొట్టం అలసట

తూటా పేలినప్పుడు గొట్టం ఉబ్బి తుపాకీ గదిగోడకు అంటుకుంటుంది. వాయువు వెనక్కి రాకుండా మూత వలె నిలుస్తుంది. ఒత్తిడి తగ్గగానే కాస్త ముడుచుకొని వదులవుతుంది. దాదాపు డెబ్బయి పాళ్ళు రాగి, ముప్పయి పాళ్ళు జింకు కలిసిన ఇత్తడికి ఈ సాగి ముడిచే గుణం ఉంది. అయితే పూర్తిగా పూర్వపు కొలతకు రాదు. అందుకే రీలోడర్ దానిని ఉక్కు అచ్చులోకి నొక్కి మళ్ళీ కొలతకు తెస్తాడు. ప్రతి ఉబ్బుతో, ప్రతి నొక్కుడుతో మెడ గట్టిపడుతుంది. కొన్ని మారులకు చీలుతుంది. మెడను వేడిచేస్తే మెత్తబడుతుంది. కాని ఆ వేడి అడుగుకు చేరరాదు. మెడ మెత్తగా, అడుగు గట్టిగా ఉండడమే ఈ గొట్టం రహస్యం. అడుగు మెత్తబడిన గొట్టం, చతురపు అంగుళానికి అరవై వేల పౌన్ల స్థాయి ఒత్తిడిని కంటికి అర అడుగు దూరంలో తట్టుకోవలసి ఉంటుందని గుర్తుంచుకోవాలి.

మెడ చీలిక కంటికి కనబడుతుంది, పెద్ద హాని చేయదు. అసలు ప్రమాదం అడుగుకు కాస్త పైన. గొట్టం ప్రతిసారీ కొంచెం పొడవున సాగుతుంది. ఆ సాగే లోహం ఆ చోటినుండే పోతుంది. లోపలి గోడ పలచబడి, వెలుపల ఒక మెరిసే వలయం కనిపిస్తుంది. కొన వంచిన సన్నని తీగను లోపలికి దింపి గోడను గీస్తే ఆ పల్లం చేతికి తగులుతుంది. తగిలితే ఆ గొట్టాన్ని నలగగొట్టి తుక్కులో వేయడమే పద్ధతి.

మందు మోతాదులను ఇక్కడ ఇవ్వబోవడం లేదు. అవి తయారీదారులు ప్రకటించే పుస్తకాలలో, ఆయా మందుకు, ఆయా గుండు బరువుకు వేరువేరుగా ఉంటాయి. వాటిని నోటిమాటగా ఇచ్చిపుచ్చుకోవడం ఈ రంగంలో జరిగే చెడ్డ అలవాట్లలో ఒకటి. చూపుకు ఒకేలా ఉండే రెండు మందులు మండే వేగంలో ఎంతో భిన్నంగా ఉండవచ్చు. బల్లమీద ఒకసారి ఒకే డబ్బా ఉండాలనే నియమం అక్కడినుండే పుట్టింది.

5. మందును ఉక్కు పెట్టెలో ఎందుకు దాచరు?

పొగలేని మందుకు మూలం నైట్రోసెల్యులోజు. అది కాలక్రమంలో తనంత తానే విచ్ఛిన్నమవుతుంది. అప్పుడు పుట్టే ఆమ్లవాయువులు విచ్ఛిన్నాన్ని మరింత వేగిరపరుస్తాయి. దానిని అదుపులో ఉంచడానికి డైఫినైలమైన్ వంటి స్థిరకాలను కలుపుతారు. ఇవి లేని తొలినాళ్ళ ఫలితం ఫ్రెంచి నౌకాదళం చూసింది: 1907లో ఇయేనా, 1911లో లిబెర్తే అనే యుద్ధనౌకలు తూలోఁ రేవులో పేలిపోయాయి, రెండింటా నిందపడింది పాతబడిన మందుపైనే. ఇంటి నిల్వలోని డబ్బా మూత తీయగానే ఘాటైన ఆమ్లవాసన, ఎర్రగోధుమ రంగు దుమ్ము కనిపిస్తే ఆ మందు ఆయుష్షు తీరినట్లే. వేడి ఈ ప్రక్రియకు మిత్రుడు కనుక చల్లని, పొడి చోటు కావాలి.

అమెరికా జాతీయ అగ్నిరక్షణ సంఘపు 495వ ప్రమాణం ప్రకారం ఇంట్లో ఇరవై పౌన్ల వరకు మందును అసలు డబ్బాలలోనే ఉంచవచ్చు. అంతకు మించి యాభై పౌన్ల వరకు ఉంటే అంగుళం మందం గల చెక్కపెట్టె కావాలి. విలువైనదాన్ని ఇనప్పెట్టెలో దాచడం మనకు సహజంగా తోస్తుంది. కాని పొగలేని మందు ఆరుబయట మండుతుంది, బంధిస్తే పేలుతుంది. చెక్కపెట్టె అగ్నిప్రమాదంలో కొద్ది ఒత్తిడికే విచ్చుకొని వాయువును వదిలేస్తుంది, కొంతసేపు వేడినీ ఆపుతుంది. ఉక్కుపెట్టె ఒత్తిడి పెరిగేదాకా పట్టి ఉంచుతుంది. ప్రైమర్ల విషయంలో అసలు పెట్టెలనుండి తీసి సీసాలో కుప్పపోయడం అన్నిటికంటె పెద్ద తప్పు. ఒకటి పేలితే అన్నీ పేలుతాయి.

6. కొనుగోలు, కొరత

కొనేవాడు చూసేది ధర మాత్రమే కాదు, పెట్టెపై అచ్చైన లాట్ సంఖ్య. ఒకే పేరుతో వచ్చిన రెండు లాట్లు ఒకే తుపాకీలో వేర్వేరుగా ప్రవర్తిస్తాయి. అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం సొంత వాడకానికి రీలోడింగ్ చేసుకోవడానికి అనుమతిపత్రం అక్కరలేదు, అమ్మదలిస్తే కావాలి.

రీలోడింగ్ చేసేవారు తమను స్వయంసమృద్ధులుగా భావించుకొంటారు. 2013లోను, 2020 మహమ్మారి కాలంలోను వచ్చిన కొరతలు ఆ భావనను పరీక్షించాయి. గొట్టాలు బకెట్లనిండా ఉన్నాయి, గుండ్లు కొందరు సొంతంగా పోత పోసుకోగలరు. ప్రైమర్లు మాత్రం దొరకలేదు. గొట్టం స్వేచ్ఛనిస్తుంది, ప్రైమర్ దాన్ని తిరిగి కర్మాగారానికి కట్టివేస్తుంది.

7. భారతీయ సందర్భం

1959 ఆయుధాల చట్టం తూటాలకు ఇచ్చిన నిర్వచనంలో వాటి భాగాలూ, వాటిని తయారుచేసే యంత్రాలూ చేరి ఉన్నాయి. అనుమతిపత్రం లేని తయారీ తీవ్రమైన నేరం. కనుక నెబ్రాస్కాలో వంటింటి పక్కగదిలో సాగే పని మన దగ్గర నేరవిచారణకు దారితీస్తుంది. క్రీడాపరంగా కూడా దాని అవసరం ఇక్కడ పరిమితమే. 1972 తరువాత మూడు వందల మీటర్ల రైఫిల్ పోటీ ఒలింపిక్స్‌లో లేదు. హైదరాబాదుకు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్‌లో కాంస్యం సాధించిన పది మీటర్ల పోటీ గాలి తుపాకీది. అందులో తూటాయే లేదు. యాభై మీటర్ల పోటీలో వాడే .22 తూటాకు ప్రైమర్ రసాయనం గొట్టపు అంచు మడతలో ఉంటుంది. సుత్తి ఆ అంచును నలిపివేస్తుంది కనుక దాన్ని తిరిగి నింపడం ఆచరణసాధ్యం కాదు. అందుకే ఆ క్రీడాకారులు ఎలీ, లపువా వంటి సంస్థల పరీక్షాకేంద్రాలలో తమ రైఫిల్‌ను బిగించి, ఒక్కొక్క లాట్‌నూ కాల్చి చూసి, సరిపోయినదాన్ని కొంటారు.

ఇక మొదట విడిచిన మాటల ప్రసక్తి. ‘సంఘటనాస్థలంలో తూటా దొరికింది’ అనే తెలుగు వాక్యానికి మూడు అర్థాలు సాధ్యం: కాల్చని తూటా, కాల్చిన గొట్టం, గోడలోనో శరీరంలోనో దిగిన గుండు. మొదటిది అక్రమ స్వాధీనానికి సాక్ష్యం. రెండోది కాల్చినవాడు నిలుచున్న చోటును సూచించవచ్చు; దాని ప్రైమర్‌పై సుత్తి గుర్తు తుపాకీని పట్టిస్తుంది. మూడోదానిపై తుపాకీ గొట్టంలోని గాడుల ముద్ర ఉంటుంది. ‘ఖాళీ తూటా’ అన్నా చిక్కు తీరదు. గుండు లేకుండా శబ్దానికి మాత్రమే వాడే తూటాను కూడా అదే మాటతో అనువదిస్తున్నారు. పంచనామాలు, తీర్పుల అనువాదాలు, న్యాయవైద్య పాఠ్యపుస్తకాలు తెలుగులో సిద్ధమవుతున్న ఈ కాలంలో ‘తూటా గొట్టం’ అనే మాటను పారిభాషిక పదకోశాలలో విడిగా చేర్చవలసి ఉంది.