గని నీళ్లు వాగులోకి వదలాలంటే లిమిట్ ఎంత? ఎవరు పెడతారు?

పెద్దపల్లి జిల్లా మంథని పక్కనే రామగిరి మండలంలో సింగరేణి ఆర్జీ-3 గనులున్నాయి. ఓపెన్‌కాస్ట్ క్వారీల్లో వాన నీళ్లు, ఊట నీళ్లు చేరుతూనే ఉంటాయి. మోటార్లతో తోడకపోతే బొగ్గు తీయడం కుదరదు. మరి ఆ నీళ్లను వాగులోకి వదలాలంటే?

రూల్ ఏంటి?

బొగ్గు గనులకు కేంద్రం 2000లో ప్రత్యేక ప్రమాణాలు తెచ్చింది. వాగుల్లోకి వదిలే లీటరు నీటిలో..

* మట్టి, బొగ్గు రేణువులు: 100 మిల్లీగ్రాములు దాటొద్దు
* నూనె, గ్రీజు: 10 మి.గ్రా.
* సీఓడీ (ఆక్సిజన్‌ను లాగేసే మలినాలు): 250 మి.గ్రా.
* పీహెచ్: 5.5 నుంచి 9 మధ్య ఉండాలి

1974 నీటి చట్టం ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి (పీసీబీ) అనుమతి తప్పనిసరి. అవసరమైతే పీసీబీ ఇంకా కఠినమైన లిమిట్ పెట్టొచ్చు. అందుకే నీళ్లను ముందు సెట్లింగ్ చెరువులో నిలబెట్టి, మట్టి అడుగుకు చేరాక వదలాలి.

అసలు మెలిక ఇక్కడే

లిమిట్ లీటరు లెక్కన ఉంటుంది. రోజుకు 10 లక్షల లీటర్లు వదిలితే, రూల్ దాటకుండానే 100 కిలోల మట్టి వాగులో పడొచ్చు. కోటి లీటర్లయితే ఏకంగా టన్ను! వానాకాలంలో నిండుగా పారే వాగు దీన్ని కొంత తట్టుకుంటుంది. ఎండాకాలంలో సన్నటి ధారకు అదే భారం. కాబట్టి రోజుకు ఎన్ని నీళ్లు, ఏ కాలంలో అన్నదీ చూడాల్సిందే.

రైతులు ఏం చేయొచ్చు?

వాగు నీళ్ల రంగు మారితే ఫొటో తీసి, తేదీ, చోటు రాసి పీసీబీ రామగుండం రీజినల్ ఆఫీసులో ఫిర్యాదు చేయొచ్చు. గనికి ఇచ్చిన అనుమతి కాపీని ఆర్టీఐ కింద అడగొచ్చు. అందులో ఏ లిమిట్ ఉందో తెలిస్తేనే, దాటారో లేదో గట్టిగా నిలదీయగలం.