యుద్ధనౌకకు భయం ఎటువైపు నుంచి?

1971 డిసెంబరు 9 రాత్రి, డయ్యూకు దగ్గర్లోని అరేబియా సముద్రం. పాకిస్తాన్ జలాంతర్గామి ఆ చుట్టుపక్కల ఉందని తెలిసి దాన్ని పట్టుకోవడానికి మన ఫ్రిగేట్లు ఖుక్రి, కిర్పాణ్ తిరుగుతున్నాయి. చివరికి వేటకు వెళ్లినవే వేటకు చిక్కాయి. ఆ జలాంతర్గామి హంగోర్ వదిలిన మొదటి టార్పెడో పేలలేదు. తర్వాతది ఖుక్రిని ముంచేసింది. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా, 17 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. నౌక మునగడానికి నిమిషాలు కూడా పెద్దగా పట్టలేదు.

ఆయుధాలున్న రెండు నౌకలు ఒక్క జలాంతర్గామి చేతిలో ఓడిపోవడానికి ధైర్యం లోపించడం కారణం కాదు. ఇందులో భౌతికశాస్త్రం వాటా చాలా ఉంది.

రాడార్ తరంగాలు ఉప్పునీటిలోకి చొరబడలేవు. వెలుతురూ ఎక్కువ దూరం పోదు. నీళ్లలో దూరాలు దాటేది శబ్దం ఒక్కటే, అదీ సెకనుకు దాదాపు 1500 మీటర్ల వేగంతో. అందుకే నౌక సోనార్‌తో ధ్వనిని పంపి, తిరిగొచ్చే ప్రతిధ్వని కోసం కాచుకుంటుంది. చిక్కు అక్కడే మొదలవుతుంది. ప్రతిధ్వని నౌకను చేరాలంటే శబ్దం పోయి రావాలి. జలాంతర్గామికి మాత్రం ఒకవైపు ప్రయాణం చాలు, కాబట్టి ఎంతో దూరం నుంచే అది వినేస్తుంది. చీకట్లో టార్చి వేసి దొంగను వెతికేవాడు ముందు దొంగ కంట్లోనే పడతాడు కదా! పైగా నౌక ఇంజన్లు, ప్రొపెల్లర్లు ఎడతెగకుండా చప్పుడు చేస్తుంటాయి. బ్యాటరీ మీద నడిచే జలాంతర్గామి దాదాపు నిశ్శబ్దంగా ఉంటుంది.

సముద్రం కూడా దాని పక్షమే. ఎండ తగిలి, గాలి తాకిడికి కలగలిసిన పైపొర వెచ్చగా ఉంటుంది. దాని కింద ఉష్ణోగ్రత గబగబా పడిపోతుంది. శబ్దం చల్లని నీటివైపు వంగుతుంది. అందువల్ల నౌక అడుగున బిగించిన సోనార్ పంపిన ధ్వని ఆ పొర దగ్గర కిందికి వంగిపోయి, కొంత దూరం దాటాక ఏమీ వినబడని 'నీడ ప్రాంతం' మిగులుతుంది. తెలివైన జలాంతర్గామి కెప్టెన్ అక్కడే పొంచి ఉంటాడు.

ఇక దెబ్బ సంగతి. ఆధునిక టార్పెడో నౌక పక్కకు కన్నం పెట్టాలని చూడదు, అడుగు కింద పేలాలని చూస్తుంది. అప్పుడు పుట్టే వాయుబుడగ నౌక నడుమును పైకెత్తుతుంది. మరుక్షణం బుడగ కుంచించుకుపోతే కింద ఆధారం లేక నడుము కుంగుతుంది. ఈ ఎత్తుడు, కుంగుడుకి నౌక వెన్ను విరుగుతుంది. పక్కల కవచం ఎంత మందంగా ఉన్నా దీనికి జవాబు కాదు.

ఆకాశం నుంచి వచ్చే ముప్పుకు కారణం వేరు: భూమి గుండ్రంగా ఉండటం. రాడార్ 25 మీటర్ల ఎత్తున ఉంటే, నీటికి 5 మీటర్ల ఎత్తులో వచ్చే క్షిపణి సుమారు 30 కిలోమీటర్ల దూరంలోనే కనబడుతుంది. సెకనుకు 300 మీటర్ల వేగంతో వస్తే మిగిలేది 100 సెకన్లు. 1982 మే 4న ఫాక్లాండ్స్ యుద్ధంలో ఎక్సోసెట్ క్షిపణి తగిలి బ్రిటిష్ నౌక షెఫీల్డ్ తగలబడింది. 20 మంది చనిపోయారు. దానికి రెండు రోజుల ముందే బ్రిటిష్ జలాంతర్గామి కాంకరర్ టార్పెడోలకు అర్జెంటీనా క్రూయిజర్ బెల్‌గ్రానో మునిగి 323 మంది బలయ్యారు. ఆ తర్వాత అర్జెంటీనా తన విమానవాహక నౌకతో సహా పెద్ద నౌకలను తీరం దాటి దూరం పంపలేదు. ఒక్క జలాంతర్గామి ఎక్కడుందో తెలియకపోవడమే మొత్తం నౌకాదళాన్ని రేవుకు కట్టేసింది. నన్నడిగితే ఆ యుద్ధంలో అసలు పాఠం షెఫీల్డ్ కంటే ఇదే. క్షిపణి వచ్చేటప్పుడు కొద్దిసేపైనా కనబడుతుంది. జలాంతర్గామి రాలేదన్న భరోసా ఎవరూ ఇవ్వలేరు.

అందుకే నేడు నౌకను ఒంటరిగా పంపరు. హెలికాప్టర్లు సోనార్‌ను తాడుతో ఆ వెచ్చని పొర కిందికి దించి వింటాయి. పైన ఎగిరే వాటిని టార్పెడోతో కొట్టడం కుదరదు. నౌకలూ పొడవైన సోనార్ తీగలను వెనక లాక్కుంటూ వెళ్తాయి. జలాంతర్గాములను వేటాడే మన వరుణాస్త్ర టార్పెడోకు రూపకల్పన చేసింది విశాఖపట్నంలోని ఎన్.ఎస్.టి.ఎల్. పరిశోధనశాల. తీరం దగ్గరి లోతు తక్కువ నీళ్లలో ఇదే వేట కోసం కట్టిన అర్నాలా నౌక 2025 జూన్ 18న విశాఖ నేవల్ డాక్‌యార్డులో నౌకాదళంలో చేరింది.