చుట్టీ 45 రోజులు, అందులో కంటికెన్ని?

పోయిన ఎపిసోడ్‌లో నా కంటి ఆపరేషన్ సంగతి పది నిమిషాల్లో చెప్పేసి ఊరుకున్నాను. తర్వాత వచ్చిన వాయిస్ మెసేజుల్లో ఎక్కువ శాతం ఒకటే ప్రశ్న: "అన్నా, ఆపరేషన్ అయినంక ఎన్ని రోజులకు డ్యూటీ ఎక్కొచ్చు?" చుక్కల మందు లెక్కలు వింటే గుర్తుండవు, అందుకే రాసి పెడుతున్నాను. నేను డాక్టర్‌ను కాదు. జగిత్యాల వైపు పల్లె నుంచి ఐటీఐ ఫిట్టర్ చేసి ఇక్కడికి వచ్చినవాణ్ణి. షార్జా, దుబాయ్ సైట్లలో పద్దెనిమిదేళ్ళు గడిచాయి, ఇప్పుడు సూపర్‌వైజర్‌ను. ఇందులో రాసింది నా కంటికి జరిగినదీ, నాకు డాక్టర్లు చెప్పినదీ. మీ కంటి లెక్క మీ డాక్టరే చెప్పాలి.

అసలు కథ ఒక చిన్న సీసాతో మొదలైంది. సైట్‌లో దుమ్ము, ఎండ, రాత్రి సరిగ్గా నిద్ర లేకపోవడం, అన్నీ కలిసి కళ్ళు ఎప్పుడూ ఎర్రగా ఉండేవి, దురద పెట్టేవి. రూమ్‌మేట్ ఒకాయన ఊరి నుంచి తెచ్చుకున్న చుక్కలు ఇచ్చాడు. వేసుకున్న గంటకే కళ్ళు తెల్లగా అయిపోయాయి. ఇంకేం కావాలి? తర్వాత ఊరి నుంచి ఎవరు వచ్చినా పచ్చడి డబ్బాతో పాటు ఆ సీసా నాలుగు తెప్పించుకునేవాణ్ణి. రెండేళ్ళు వాడాను. ఏ డాక్టరూ రాయలేదు, మందుల షాపాయన అడగలేదు, నేను చెప్పలేదు.

అందులో ఉన్నది స్టెరాయిడ్. ఎరుపును, వాపును ఇట్టే తగ్గిస్తుంది. కానీ నెలల తరబడి వేసుకుంటే కొందరికి కంటి లోపల ప్రెషర్ పెరుగుతుంది, కంట్లో పొర, అంటే మన మోతిబిందు, వయసు రాకముందే వస్తుంది. ప్రెషర్ పెరిగితే నొప్పి ఉండదు, అదే దాంట్లో ఉన్న మోసం. సీసా మీద మందు పేరు చదవండి. డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్, ఇట్లా చివర 'సోన్' అనో 'లోన్' అనో ఉంటే చాలావరకు స్టెరాయిడే. డాక్టర్ ఎన్ని రోజులో రాసిస్తే తప్ప ముట్టుకోవద్దు. చుక్కల మందు రూములో పంచుకునేది అసలే కాదు. ఒకరి కంటి కలక ఇంకొకరికి అంటుకోవడానికి సీసా మూతి చాలు.

నాకు 42 ఏళ్ళప్పుడు ఒక వింత మొదలైంది. మిట్టమధ్యాహ్నం స్లాబ్ మీద నిలబడితే ఎడమ కంటికి అంతా పాలు పోసినట్టు కనబడేది. డ్రాయింగ్ విప్పితే కొలతలు చదవలేను. అదే సాయంత్రం క్యాంపులో ఫోన్ బాగానే చూసేవాణ్ణి. ఎండ దెబ్బ అనుకున్నాను. తర్వాత డాక్టర్ చెబితే అర్థమైంది. స్టెరాయిడ్ వల్ల వచ్చే పొర ఎక్కువగా లెన్స్ వెనక భాగంలో, సరిగ్గా మధ్యలో కడుతుంది. ఎండలో కంటిపాప చిన్నదవుతుంది కదా, అప్పుడు వెలుతురంతా ఆ మచ్చ మీదుగానే పోవాలి. మసక వెలుతురులో పాప పెద్దదై పక్కల నుంచి వెలుతురు పోతుంది కాబట్టి కొంచెం నయం. ఎండలో చూపు మందగించి నీడలో బాగున్న తమ్ముళ్ళు ఎవరైనా ఉంటే, నల్ల కళ్ళద్దాలు కొనే ముందు కళ్ళు చూపించుకోండి.

2018లో మా ఊళ్ళో కంటి వెలుగు క్యాంపు పెట్టినప్పుడు అమ్మకు పరీక్ష చేసి అద్దాలు ఇచ్చారు. అప్పుడు నేను ఇక్కడున్నాను. ఊళ్ళో ఏ క్యాంపు పెట్టినా మనం ఉండం. మన కన్ను చూపించుకునే పని మనమే పెట్టుకోవాలి.

2022 మే నెలలో 45 రోజుల చుట్టీ మీద పోయాను. ముందే అనుకున్నాను, పోగానే కన్ను చూపించుకోవాలని. పోగానే మరదలి పెళ్ళి, తర్వాత ఇంటి మీద గది స్లాబ్. కరీంనగర్‌లో కంటి డాక్టరమ్మ దగ్గరికి పోయేసరికి మూడో వారం. ఆమె యంత్రంతో కంటి ప్రెషర్ చూసింది. మామూలుగా 21 లోపల ఉండాలట, నాకు ఎడమ కంట్లో 34. "ఎవరు రాశారు మీకీ చుక్కలు?" అంది. నా దగ్గర జవాబు లేదు. పాత చుక్కలు ఆపించి, ప్రెషర్ తగ్గే మందు పెట్టి, అది దిగాక ఆపరేషన్ చేసింది. అప్పటికి చుట్టీలో 29వ రోజు. అంటే తిరుగు ప్రయాణానికి 16 రోజులు. "నెల రోజులు ఉండాలి" అని ఆమె అంటే, టికెట్ మార్చితే డబ్బులు పోతాయని నేను బేరం పెట్టాను. కూరగాయల దగ్గర పెట్టినట్టు.

ఆపరేషన్ మాత్రం అనుకున్నంత పెద్దది కాదు. నాకు చేసింది ఫేకో. రెండు మూడు మిల్లీమీటర్ల గాటు పెట్టి, మసకబారిన లెన్స్‌ను లోపలే ముక్కలు చేసి లాగేసి, మడత పెట్టిన కృత్రిమ లెన్స్ లోపల విప్పుతారు. చాలామందికి కుట్లు కూడా ఉండవు. నాకు అరగంట కూడా పట్టలేదు, అదే రోజు ఇంటికి పంపారు. మర్నాడు కట్టు విప్పితే గోడ మీది క్యాలెండర్‌లో తిథులు కనబడ్డాయి. అక్కడే మనం మోసపోతాం. చూపు వచ్చింది కాబట్టి కన్ను మానింది అనుకుంటాం. గాటు బయటికి కనబడదు, లోపలి వాపు నొప్పి పెట్టదు. మానడానికి మాత్రం వారాలు కావాలి.

నాకు చెప్పిన జాగ్రత్తలు ఇవి. కన్ను నలుపుకోవద్దు. మొదటి వారం రాత్రి పడుకునేటప్పుడు ప్లాస్టిక్ మూత కంటి మీద టేపుతో అంటించుకోవాలి, ఎందుకంటే నిద్రలో చెయ్యి ఎటు పోతుందో మనకు తెలియదు. తలమీద నుంచి స్నానం వద్దు, తడిగుడ్డతో ముఖం తుడుచుకోవడమే. బరువులు ఎత్తొద్దు. దుమ్ములోకి, వెల్డింగ్ దగ్గరికి నెల రోజులు పోవద్దు. మా అమ్మ నందివర్ధనం పూలు తెచ్చి కంటి మీద పెట్టబోతే డాక్టరమ్మ ముందే చెప్పింది కాబట్టి ఆపగలిగాను. ఆపరేషన్ అయిన కంట్లో పూలరసం, చనుబాలు, ఆముదం, ఏదీ పోయకూడదు. ఇన్ఫెక్షన్ లోపలికి పోతే కన్నే పోవచ్చు.

ఇక చుక్కలు. చీటీ చూసి నేను బిత్తరపోయాను. మళ్ళీ స్టెరాయిడే! "మేడమ్, ఇదే కదా నా కన్ను పాడుచేసింది" అన్నాను. ఆపరేషన్ తర్వాత లోపలి వాపు తగ్గాలంటే అది కావాలట. ఈసారి రోజుకు ఆరుసార్లతో మొదలుపెట్టి వారం వారం ఒకటి తగ్గిస్తూ ఆరు వారాలు. మధ్యలో ప్రెషర్ చూపించుకోవాలి. ఒక్కసారిగా ఆపకూడదు, ఆపితే వాపు తిరగబెడుతుంది. దాంతో పాటు ఇన్ఫెక్షన్ రాకుండా ఇంకో సీసా.

వేసుకునే పద్ధతి కూడా నాకు అప్పటిదాకా తెలియదు. సబ్బుతో చేతులు కడుక్కోవాలి. తల వెనక్కి వాల్చి కింది రెప్పను కిందికి లాగితే చిన్న సంచిలా అవుతుంది, అందులో ఒక్క చుక్క. రెండో చుక్క చెంప మీదికే కారుతుంది, సీసా తొందరగా అయిపోవడం తప్ప లాభం లేదు. సీసా మూతి రెప్పకు తగలొద్దు. వేశాక కన్ను మూసి, ముక్కు పక్కన కంటి మూలను వేలితో మెల్లగా ఒక నిమిషం నొక్కి పట్టాలి, అప్పుడు మందు గొంతులోకి జారకుండా కంట్లోనే ఉంటుంది. రెండు రకాలుంటే మధ్యలో ఐదు నిమిషాలు. నాకు రాసిన మందు పాలలా తెల్లగా ఉంటుంది, ఊపకుండా వేసుకుంటే పైనున్న నీళ్ళే పడతాయి. సీసా తెరిచిన తేదీ పెన్నుతో రాసుకోవాలి, నెల దాటితే పారేయాలి.

16వ రోజు విమానం ఎక్కాను. 18వ రోజు సైట్‌లో ఉన్నాను. నాలుగు వారాలు ఆఫీసు కంటైనర్‌లో పేపర్ పని ఇవ్వమని అడిగాను, అడిగిన తీరే తప్పు. చీటీ చూపించలేదు, డాక్టర్ ఉత్తరం తేలేదు, నోటిమాటగా అన్నాను. టవర్ కాస్టింగ్ మీద ఉంది, ఎవరు వింటారు? జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా ఇక్కడ మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు బయట ఎండలో పని బంద్ కదా, చుక్కలకు సమయం లేదని చెప్పలేను. బ్రేక్ సైట్‌లో, సీసా క్యాంపు రూములో. రూములో కూడా కిటికీ అంచున, ఎండ తగిలే చోట. నాలుగుసార్లు వేయాల్సింది రెండుసార్లు అయింది, తర్వాత రాత్రి ఒకసారి. నొప్పి లేదుగా, అయితదిలే అనుకున్నాను. ఒక సీసా అయిపోతే అదే మందు ఇక్కడ దొరకలేదు. దొరకలేదంటే, చీటీ మీద కంపెనీ పేరే ఉంది, మందు పేరు లేదు.

25వ రోజు రాత్రి కన్ను సలపడం మొదలైంది. తెల్లారేసరికి నల్లగుడ్డు చుట్టూ ఎర్రగా, ట్యూబులైటు చూస్తే సూదులు గుచ్చినట్టు, చూపు మసక. క్యాంపు క్లినిక్ నర్సు మలయాళీ ఆవిడ, ఒక్క చూపు చూసి "ఇప్పుడే కంటి ఆసుపత్రికి పో" అని అరిచినంత పని చేసింది. ఆమెకు రుణపడి ఉన్నాను. అక్కడి డాక్టర్ గడ్డం ఆనించే యంత్రం మీద చాలాసేపు చూసి, ఇన్ఫెక్షన్ కాదు, మందు ఆపడం వల్ల వాపు తిరగబెట్టింది అన్నాడు. గంటకో చుక్కతో మొదలుపెట్టి రెండు నెలలు తగ్గించుకుంటూ వచ్చాం. అన్ని రోజులూ ఆఫీసు కంటైనర్‌లోనే కూర్చున్నాను. ముందు దొరకని పేపర్ పని, ఆసుపత్రి ఉత్తరం చూపిస్తే ఒక్క పూటలో దొరికింది.

కాబట్టి ఆపరేషన్ అయిన కంట్లో నొప్పి పెరుగుతున్నా, వచ్చిన చూపు తగ్గుతున్నా, ఎరుపు ఎక్కువవుతున్నా, పుసులు కారుతున్నా తెల్లారేదాకా ఆగకండి. మెరుపులు కనబడి, నల్ల చుక్కలు ఒక్కసారిగా ఎక్కువై, పక్క నుంచి తెర దిగినట్టుంటే అది వెనక రెటీనా ఊడుతున్న లక్షణం, అది కూడా అదే రోజు పని.

రెటీనా మాట వచ్చింది కాబట్టి విమానం సంగతి. మోతిబిందు ఆపరేషన్ తర్వాత విమానం ఎక్కడం వల్ల కంటికి పెద్ద హాని లేదు, డాక్టర్ సరే అంటే చాలు. కానీ రెటీనా ఆపరేషన్‌లో కొందరికి కంటి లోపల గ్యాస్ బుడగ పెడతారు. అది ఉన్నంతకాలం విమానం ఎక్కకూడదు. పైకి పోయినకొద్దీ బయటి గాలి ఒత్తిడి తగ్గి బుడగ ఉబ్బుతుంది, కన్ను లోపల ప్రెషర్ పెరిగి చూపు పోతుంది. గ్యాస్ రకాన్ని బట్టి అది కరగడానికి రెండు వారాల నుంచి రెండు నెలల దాకా పట్టొచ్చు. "నా కంట్లో గ్యాస్ పెట్టారా, ఎప్పుడు ఎక్కొచ్చు" అని నోరు తెరిచి అడగండి. వీసా తేదీ డాక్టర్‌కు మనమే చెప్పాలి, ఆయనకు తెలియదు.

సైట్ మీద రోజూ చూసేవి రెండు మూడు మాటల్లో. గ్రైండర్ రజను కంట్లో పడితే అగ్గిపుల్లతో, రుమాలు కొసతో తీయించుకోవద్దు. ఇనుము నల్లగుడ్డులో దిగితే ఒకట్రెండు రోజుల్లో చుట్టూ తుప్పు పడుతుంది, దాన్ని డాక్టర్ గీకి తీయాలి. సిమెంటు పడితే అది సున్నం లాంటిదే, లోపలికి తింటూ పోతుంది. ఆసుపత్రికి పరిగెత్తే ముందు అక్కడే ఇరవై నిమిషాలు తగ్గకుండా మంచినీళ్ళతో రెప్ప తెరిచి కడగాలి. వెల్డింగ్ మెరుపు కొడితే నొప్పి రాత్రికి వస్తుంది, ఆరేడు గంటల తర్వాత. కళ్ళు మొద్దుబారే చుక్కలు పదే పదే వేసుకుంటే ఆ పుండు మానదు. షుగర్ ఉన్నవాళ్ళు ఏడాదికోసారి కంటిపాప పెద్దది చేయించి రెటీనా చూపించుకోవాలి. ఆ రోజు నాలుగైదు గంటలు మసకగా ఉంటుంది, స్కాఫోల్డింగ్ ఎక్కొద్దు.

నా ఎడమ కన్ను ఇప్పుడు చార్టులో చివరి వరుస దాకా చదువుతుంది. కానీ రెండేళ్ళు పెరిగి ఉన్న ప్రెషర్ కంటి నరాన్ని కొంత తినేసింది. ముక్కు వైపు పైన ఒక తునక కనబడదు. పొరను తీసి లెన్స్ పెట్టగలిగారు గానీ, పోయిన నరానికి ఆపరేషన్ లేదు. మామూలుగా తెలియదు. కుడి కన్ను మూసుకుంటే తెలుస్తుంది, ఎదురుగా ఉన్న మనిషి హెల్మెట్‌లో ఒక మూల ఉండదు.

కుడి కంట్లోనూ పొర ముదురుతోంది. వచ్చే ఏప్రిల్‌లో చుట్టీ. జీతం లేని పదిహేను రోజులు కలిపి 60 రోజులు రాయించుకున్నాను. దిగిన మూడో రోజే డాక్టరమ్మ దగ్గర అపాయింట్‌మెంట్. తిరుగు టికెట్ ఇంకా తీసుకోలేదు, ఆమె తేదీ చెప్పాక తీసుకుంటాను. చీటీ మీద మందు పేరు ఇంగ్లీషులో రాయించుకోవాలి, రెండు సీసాలు తెచ్చుకోవాలి, 'ఇన్ని రోజులు దుమ్ములో పని వద్దు' అని లెటర్ హెడ్ మీద ఉత్తరం తేవాలి. సైట్ ఆఫీసు ఫ్రిజ్‌లో పై అరలో నా సీసాకు చోటు ఇప్పుడే అడిగి పెట్టాను. స్టోర్ కీపర్ నవ్వాడు, "ఇంకా నాలుగు నెలలుంది కదన్నా" అని.