అప్పు తీరాలంటే ముందు లెక్క రాయాలి

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి ఇమ్మని హాస్టల్ తమ్ముళ్ళు అడిగినప్పుడు క్రమశిక్షణ గురించి రాద్దామా, విద్య ప్రాముఖ్యం గురించి రాద్దామా అని ఆలోచించాను. అవి ప్రతి సంచికలోనూ ఎవరో ఒకరు రాస్తూనే ఉన్నారు. మన ఇళ్ళలో రోజూ వినపడేది, బయట చెప్పుకోవడానికి మాత్రం మనం సిగ్గుపడేది ఒక మాట ఉంది. అది అప్పు. దాని గురించే నాకు తెలిసినంతవరకు రాస్తున్నాను.

మాది కోసిగి దగ్గర ఒక పల్లె. 2002-03లో కరువు వచ్చింది. వేసిన పంట చేతికి రాలేదు. నాయన ఊళ్ళో ఒకాయన దగ్గర నూటికి ఐదు రూపాయల వడ్డీకి 8,000 రూపాయలు తెచ్చినాడు. అది చాలక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి సుగ్గికి పోయినారు. అడ్వాన్సు తొందరగా తీరాలంటే ఇంకో రెండు చేతులు కావాలి. ఏడో తరగతి చదువుతున్న మా అక్కను బడి మాన్పించి వెంట తీసుకుపోయినారు. నేను హాస్టల్లో ఉన్నాను కాబట్టి మిగిలిపోయినాను.

నేను పదో తరగతికి వచ్చేదాకా ఆ అప్పు అట్లాగే ఉంది. సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడు, లెక్కల సారు చెప్పిన బారువడ్డీ లెక్కను మా ఇంటి అప్పుకే వేసి చూశాను. నెలకు 400 వడ్డీ. నాలుగేళ్ళకు 19,200 రూపాయలు. అసలు 8,000 మాత్రం ఒక్క రూపాయి తగ్గలేదు. అమ్మకు చదివి వినిపిస్తే, "రెండింతలకు పైగా కట్టినామా?" అని చాలాసేపు మాట్లాడలేదు. అన్నేళ్ళూ నెల నెలా వడ్డీ కట్టినారు గానీ మొత్తం ఎంత కట్టినామని ఎవరూ కూడి చూడలేదు.

ఆ లెక్క రాసిన తర్వాతనే మా ఇంట్లో అప్పు తీరడం మొదలైంది. ఆ లెక్క ఎట్లా రాయాలో, తర్వాత ఏం చేయాలో చెబుతాను.

మన దగ్గర అప్పు ఎలా పుడుతుంది?

ఆదోని పత్తి మార్కెట్ పెద్ద పేరున్న మార్కెట్. ఎమ్మిగనూరు చేనేతకు పేరున్న ఊరు. అయినా పత్తి పండించేవాళ్ళకు, పత్తి తీసే కూలీలకు, మగ్గం నేసేవాళ్ళకు అప్పు తప్పలేదు. కారణం ఒకటే. మన ఖర్చు రోజూ ఉంటుంది, రాబడి మాత్రం కొన్ని నెలల్లోనే వస్తుంది. వానాధారం పొలమైతే ఏడాదికి ఒక పంట. ఆ మధ్య నెలల్లో జబ్బు చేసినా, పెళ్ళి వచ్చినా, దేవర వచ్చినా అప్పు తేవాల్సిందే.

కాబట్టి అప్పు చేసినవాళ్ళు సోమరులనో, దుబారా మనుషులనో అనుకోవద్దు. మా నాయన పొద్దు పొడవకముందే పనికి పోయేవాడు. అప్పు చేయడం తప్పు కాదు. ఎంత వడ్డీకి చేస్తున్నామో తెలియకపోవడమే మన కొంప ముంచుతోంది.

వడ్డీని గుర్తుపట్టడం

మన పల్లెల్లో వడ్డీని రూపాయల్లో చెబుతారు. నూటికి నెలకు ఒక రూపాయి అంటే ఏడాదికి 12 శాతం. రెండు రూపాయలంటే 24 శాతం. మూడు అంటే 36, ఐదు అంటే 60. బ్యాంకువాళ్ళు ఏడాది శాతంలో చెబుతారు. రెండింటినీ పోల్చాలంటే రూపాయి వడ్డీని 12తో హెచ్చించాలి. ఈ ఒక్క లెక్క మీ అమ్మకు, నాయనకు నేర్పించండి.

పైకి కనపడని వడ్డీ ఇంకొకటుంది. అది రోజువారీ ఫైనాన్సు. పదివేలకు రాయించుకుంటారు, 1,500 ముందే పట్టుకొని చేతికి 8,500 ఇస్తారు. రోజుకు 100 చొప్పున వంద రోజులు కట్టాలి. "రోజుకు వందే కదా" అనిపిస్తుంది. కానీ ఆ 8,500 వంద రోజులూ మన దగ్గర ఉండదు. రోజూ కొంత తిరిగి కడుతుంటాం కాబట్టి సగటున దానిలో సగమే, అంటే సుమారు 4,250 మన చేతిలో ఉన్నట్టు లెక్క. దానికి మూడు నెలల పది రోజులకు 1,500 వడ్డీ. నెలకు నూటికి సుమారు పది రూపాయలు పడుతుంది. ఐదు రూపాయల వడ్డీ అంటే భయపడేవాళ్ళు కూడా పది రూపాయల వడ్డీని నవ్వుతూ తెచ్చుకుంటున్నారు.

సెల్‌ఫోన్ లోన్ యాప్‌లు ఇంకా ప్రమాదం. ముందే కోత, వారానికే గడువు. పైగా ఫోనులోని నంబర్లన్నీ లాక్కొని బంధువులకు ఫోన్లు చేసి పరువు తీస్తారు. అట్లాంటి బెదిరింపు వస్తే ఇంట్లో దాచుకొని కుమిలిపోవద్దు. పోలీస్ స్టేషన్‌కు పోవచ్చు, సైబర్ నేరాల నంబరు 1930కి ఫోను చేయవచ్చు.

ఏ అప్పు ముందు తీర్చాలి?

చాలామంది ఎవరు ఎక్కువగా గడప తొక్కితే వాళ్ళకు ముందు కడతారు. అది పొరపాటు. అన్నిటికీ కట్టాల్సిన కనీస కంతు కట్టి, పైన మిగిలిన ప్రతి రూపాయీ ఎక్కువ వడ్డీ ఉన్న అప్పుకే పోవాలి. అది తీరాక దాని తర్వాతది.

మూడు రూపాయల వడ్డీకి 40,000 అప్పు ఉందనుకోండి. నెల వడ్డీ 1,200. వడ్డీ మాత్రమే కడుతూ పోతే ఐదేళ్ళకు 72,000 కట్టినా అసలు 40,000 అట్లాగే ఉంటుంది. అదే నెలకు ఇంకో వెయ్యి కలిపి 2,200 కడితే, మొదటి నెలలో అసలు వెయ్యి తగ్గుతుంది. రెండో నెలలో వడ్డీ 30 రూపాయలు తగ్గుతుంది, ఆ 30 కూడా అసలుకే పోతుంది. ఇట్లా 27 నెలల్లో అప్పు మొత్తం తీరిపోతుంది. నెలకు వెయ్యి ఎక్కువ కట్టినందుకు ఇంత తేడా.

అయితే ఒక జాగ్రత్త. అసలులో కొంత కట్టినప్పుడు నోటు వెనుక తేదీతో సహా చెల్లు రాయించుకోవాలి. నోటి మాట పనికిరాదు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం, వేలిముద్ర పెట్టకూడదు. అప్పు పూర్తిగా తీరిన రోజు నోటు తిరిగి తీసుకోవాలి. చదువు వచ్చిన మీరు పక్కన ఉంటే ఈ మూడూ జరుగుతాయి.

ఆ వెయ్యి ఎక్కడి నుంచి వస్తుంది?

ఒక్కచోట వెయ్యి దొరకదు. చిల్లుకుండలో నీళ్ళు ఎట్లా పోతాయో మన డబ్బులు అట్లా నాలుగైదు చోట్ల కారిపోతుంటాయి. నాకు తెలిసిన ఇళ్ళను బట్టి ఒక ఉదాహరణ చెబుతాను. మీ ఇంటి అంకెలు వేరుగా ఉండవచ్చు.

1. టీ, బీడీ, గుట్కా, హోటల్ ఉగ్గాని బజ్జీ: రోజుకు 20 అంటే నెలకు 600. పూర్తిగా మానమని చెబితే ఎవరూ వినరు. సగం తగ్గిస్తే 300 మిగులుతుంది.

2. అంగడి పద్దు: అరువు సరుకుకు ధర కొంచెం ఎక్కువ పడుతుంది. చిన్న ప్యాకెట్లు కొంటే ఇంకా ఎక్కువ. కూలి డబ్బు వచ్చిన రోజే నెల సరుకు నగదుకు తెచ్చుకొని, బియ్యం రేషన్‌లో తీసుకుంటే 150 తగ్గుతుంది.

3. ఫోను: 28 రోజుల రీచార్జి అంటే ఏడాదికి 12 సార్లు కాదు, 13 సార్లు వేయించాలి. ఇంట్లో రెండో ఫోనుకు పెద్ద ప్యాకేజీ అవసరమా చూడాలి. ఇక్కడ 150.

4. కరెంటు: 60 వాట్ల పాత బల్బు రోజుకు ఆరు గంటలు వెలిగితే నెలకు సుమారు 11 యూనిట్లు. 9 వాట్ల ఎల్.ఇ.డి. బల్బుకు రెండు యూనిట్లు కూడా కాదు. ఇప్పటికీ మార్చని బల్బులు రెండు ఉంటే వాటిని మారిస్తే 18 యూనిట్లు తగ్గుతాయి. మన రాష్ట్రంలో కరెంటు రేటు మెట్లు మెట్లుగా ఉంటుంది. వాడకం పెరిగేకొద్దీ పై యూనిట్లకు రేటు ఎక్కువ. కాబట్టి తగ్గేది ఎప్పుడూ ఖరీదైన యూనిట్లే. యూనిట్ 4 రూపాయల 50 పైసల మెట్టులో ఉంటే 80 రూపాయలు మిగులుతాయి. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో ఉండే కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచితం అని 2019లో ప్రభుత్వం నిర్ణయించింది. మీ బిల్లులో ఆ రాయితీ పడుతోందా లేదా చదివి చూడండి. పడకపోతే కరెంటు ఆఫీసులో అడగండి.

5. సారా, మందు: ఇది రాయడానికి ఇబ్బందిగానే ఉంది. కానీ దాచితే లెక్క తప్పుతుంది. వారానికి ఒక్కరోజు 80 రూపాయలు తగ్గినా నెలకు 320.

అన్నీ కూడితే సరిగ్గా వెయ్యి. తిండి తగ్గించమని నేను ఎక్కడా చెప్పలేదు. కూలి పని చేసే ఒంటికి తిండి తగ్గిస్తే ఆస్పత్రి ఖర్చు పెరుగుతుంది. పిల్లల చదువు ఖర్చు కూడా ముట్టుకోకూడదు.

పెద్ద ఖర్చుల్లో జబ్బు మొదటిది. ఆపరేషన్ అనగానే వడ్డీ వ్యాపారి దగ్గరికి పరుగెత్తవద్దు. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్యసేవగా ఉన్న పథకంలో ఆ జబ్బు ఉందేమో ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందు అడగాలి. బ్యాంకు ఖాతా ఉన్న పెద్దలు ఏడాదికి 20 రూపాయలు కడితే 2 లక్షల ప్రమాద బీమా ఉంది. లారీల్లో సుగ్గికి పోయే మనవాళ్ళకు అది చాలా అవసరం. ఇక జాతర, దేవర, ఉరుకుంద ఈరన్న మొక్కు. ఇవి మానమని చెప్పను. ఎంత ఖర్చు పెట్టాలో ముందే అనుకొని, నెల నెలా కొంత దాచి చేస్తే దేవుడూ సంతోషిస్తాడు, ఇంట్లో అప్పూ పుట్టదు.

ఎక్కువ వడ్డీ అప్పును తక్కువ వడ్డీకి మార్చడం

మా ఇంట్లో జరిగింది ఇదే. అమ్మ అప్పటికే పొదుపు సంఘంలో ఉంది. సంఘం లోను 10,000 తీసుకొని ఐదు రూపాయల వడ్డీ అప్పు 8,000 కట్టేసింది. నెలకు 400 వడ్డీ పోయేచోట సంఘంలో నూటికి రూపాయి చొప్పున 100 పడింది. అప్పట్లో పావలా వడ్డీ పథకం కూడా ఉండడంతో సక్రమంగా కట్టినందుకు కొంత వెనక్కి వచ్చింది. మిగిలిన 300 కంతులో కలిపి కట్టింది. నాయన నోటు తెచ్చి పొయ్యిలో వేసినాడు.

ఒంటరిగా పోతే దొరకనిది కలిసి పోతే దొరుకుతుంది. 1938లో ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప గారు చేనేత సహకార సంఘం పెట్టడం వెనుక ఉన్నది ఈ సూత్రమే. 1992లో నాబార్డు సంఘాలను బ్యాంకులతో కలపడం మొదలుపెట్టడం కూడా ఇందుకే. రైతులకైతే పంట రుణం ఉంది. గడువులోగా కడితే 3 లక్షల వరకు ఏడాదికి 4 శాతమే, అంటే నూటికి నెలకు రూపాయిలో మూడో వంతు. ఇంట్లో కొంచెం బంగారం ఉంటే ప్రైవేటు కుదువ అంగడికన్నా బ్యాంకు మేలు.

కానీ అప్పు తీర్చడానికి తెచ్చిన లోను అప్పుకే పోవాలి. అందులో టీవీ కొంటే రెండు అప్పులూ మిగులుతాయి. 2010కి ముందు వారం కంతుల కంపెనీల విషయంలో జరిగింది అదే. ఒక కంపెనీ కంతు కట్టడానికి ఇంకో కంపెనీ దగ్గర తెచ్చినారు. వేధింపులు పెరిగి ప్రాణాలు పోయేదాకా వచ్చింది. 2010 అక్టోబరులో ప్రభుత్వం ఆర్డినెన్సు తేవాల్సి వచ్చింది. ఇప్పుడు రిజర్వు బ్యాంకు నియమాలు ఉన్నాయి. 2022 ఏప్రిల్ నుంచి, పేద కుటుంబాలకు ఇట్లాంటి లోన్లు ఇచ్చే సంస్థలు అన్ని కంతులూ కలిపి ఇంటి నెల రాబడిలో సగం దాటేటట్టు లోను ఇవ్వకూడదు. ముందే తీర్చేస్తే జరిమానా వేయకూడదు. ఉదయం 9 లోపు, సాయంత్రం 6 తర్వాత వసూలుకు ఫోను చేయకూడదు. ఇవి ఇంట్లో చదివి చెప్పండి.

సెలవుల్లో మీ పని

ఈసారి సెలవులకు ఇంటికి పోయేటప్పుడు ట్రంకుపెట్టెలో ఒక 40 పేజీల నోటుబుక్కు పెట్టుకోండి. మొదటి పేజీలో ఇంటి అప్పులన్నీ రాయండి. ఎవరి దగ్గర, ఎంత, ఎంత వడ్డీ, ఇప్పటిదాకా ఎంత కట్టినారు. ఎక్కువ వడ్డీది పైన ఉండాలి. రెండో పేజీలో ఒక నెల ఖర్చు రాయండి. మీరు హాస్టల్‌కు వచ్చేశాక రాసే పని చెల్లెలికో తమ్ముడికో అప్పగించండి. ఎవరినీ నిందించవద్దు. "నాయనా, ఇది ఎందుకు ఖర్చు పెట్టినావు" అని అడిగితే పుస్తకం ఆ రోజే మూతపడుతుంది. అంకెలు చదివి వినిపించండి చాలు. మిగతాది వాళ్ళకే అర్థమవుతుంది.

మా ఇంటి అప్పు తీరింది. కానీ మా అక్క మళ్ళీ బడికి రాలేదు. ఆ లెక్క నాలుగేళ్ళ ముందు వేసి ఉంటే వచ్చేదేమో. అప్పుడు మా ఇంట్లో లెక్క వేసేవాళ్ళు లేరు. మీ ఇంట్లో ఇప్పుడు మీరున్నారు.