మార్జాల వార్ధకము

మార్జాలము అను పదమునకు మూలము 'మృజ్' ధాతువు. తుడుచుట, శుభ్రపరచుట దాని అర్థము. చీపురును సమ్మార్జని యనుటకును, నీరు చల్లుకొని శుద్ధి పొందుటను మార్జన మనుటకును ఆ ధాతువే ఆధారము. తన ముఖమును తాను తుడుచుకొనునది గనుక పిల్లికి ఆ పేరు వచ్చినదని పెద్దలు వ్యుత్పత్తి చెప్పుదురు. ఇరువదియైదేండ్లకు పైగా తరగతిలో నేనును అట్లే చెప్పుచు వచ్చితిని. కాని గత సంవత్సరము మా యింటి పిల్లియే ఆ వ్యుత్పత్తిని కాదనుచున్నట్లు తోచినది.

దాని పేరు గౌరి. పదునైదేండ్ల క్రిందట ఒక వానకాలపు రాత్రి మా వీధి అరుగు క్రింద వణకుచున్న గుప్పెడంత కూనను మా అమ్మ తన చీరకొంగులో చుట్టి తెచ్చినది. తెల్లగా నున్నదని ఆ పేరు పెట్టినది. మాది రాజమహేంద్రవరము గనుక గోదావరి ఇసుకకు కొదవ లేదు. మేడమెట్ల మలుపులో ఒక తొట్టి నిండ ఇసుక పోసి యుంచితిమి. గౌరి నాలుగు దినములలో అలవాటు పడినది. పదునాలుగేండ్ల కాలములో ఒక్కనాడైనను అది తొట్టి తప్పలేదు. మా అమ్మ గతించి రెండేండ్లైనది. ఆమె మంచముమీదనే గౌరి పగలంతయు పరుండెడిది.

మొదట గుమ్మము వద్ది గోనెపట్టా తడిసినది. ఎవరో నీళ్ళు ఒలుకబోసి యుందురనుకొంటిమి. పిదప నేను దిద్దుచున్న విద్యార్థుల వ్యాసముల కట్ట తడిసినది. మూడవమారు మా అమ్మ కప్పుకొనిన బొంత. ఆ బొంతను ఉతుకక మడతపెట్టి దాచుకొని యుంటిమి. అందులో ఆమె వాసన యింకను మిగిలి యుండెను. అది చూచి నాకు ఒళ్ళు తెలియలేదు. వార్తాపత్రికను చుట్టి గౌరిని రెండు దెబ్బలు కొట్టితిని. అది పరుగెత్తలేదు. చెవులు వాల్చి అక్కడనే కూర్చున్నది.

"ఏమండీ, ఇక నా వల్ల కాదు. రోజుకు రెండుసార్లు ఇల్లు కడగడం నేనే గదా! చేపల మార్కెట్టు దగ్గర వదిలి రండి. అక్కడ తిండికి లోటుండదు" అని మా ఆవిడ అన్నది. ఆమెను తప్పు పట్టలేను. తుడుచు పని నాది కాదు గనుకనే అంతవరకు నాకు ఓర్పు నిలిచినది. సరే యంటిని.

ఆదివారము ఉదయము బుట్ట తెచ్చి గౌరిని ఎత్తబోయితిని. వెనుకకాళ్ళ క్రింద చేయి వేయగానే అది అరచినది. పదునైదేండ్లలో అటువంటి అరుపు నేను వినలేదు. చేపల మార్కెట్టునకు పోవు దారిలోనే పశువైద్యశాల యున్నది. బుట్టతో అచ్చట దిగితిని.

వైద్యుడు నా కుమారుని వయస్సువాడు. నడుము, మోకాళ్ళు మెల్లగా వంచి చూచెను. గోళ్ళు చూపించెను, అవి లావెక్కి వంకర తిరిగి, ఒకటి అరికాలి మెత్తలోనికి దిగి యుండెను. నెత్తురు, మూత్రము పరీక్షించెను. "మాష్టారూ, ఇది మీ మీద పగబట్టిందనుకున్నారా? దీనికి కీళ్ళ నొప్పులు. పైగా మూత్రపిండాలు అలిసిపోయాయి. మెట్లెక్కి తొట్టి చేరేలోగా ఆగడం లేదు, అంతే" అనెను.

అంతే! ఆ ఒక్క మాట తెలియక నేను చేసిన పని తలచుకొని సిగ్గుపడితిని. పదునైదేండ్ల పిల్లి వయస్సు మనుష్యులలో సుమారు డెబ్బదియారేండ్లతో సమానమని పశువైద్యులు లెక్కింతురు. 2002 లో ప్రకటితమైన ఒక పరిశీలనలో పండ్రెండేండ్లు దాటిన 100 పిల్లులకు ఎక్స్‌రేలు తీసి చూడగా 90 పిల్లులకు కీళ్ళ అరుగుదల కనబడినది. కుక్కవలె పిల్లి కుంటి చూపదు. గెంతుట మానును, మెట్లు మానును. మూత్రపిండముల శక్తిలో మూడింట రెండు వంతులు సన్నగిలిన పిదప మూత్రమును చిక్కపరచు నేర్పు పోవును. అందుచే అది నీరు ఎక్కువగా త్రాగును, ఎక్కువగా విడుచును. మధుమేహమును, కంఠములోని థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేయుటయు ఇట్టి ఫలమునే కలిగించును. మూత్రాశయమున మంట యుండిన పిల్లి ఆ బాధకు తొట్టియే కారణమనుకొని దానిని విడుచుటయు కలదు. కావున అలవాటు తప్పిన ముసలిపిల్లిని మొదట చూపవలసినది వైద్యునికి, దెబ్బలకు కాదు. అందును మగపిల్లి మాటిమాటికి కూర్చుండి, ముక్కి, చుక్కయైనను విడువలేకున్నచో మరునాటివరకు ఆగరాదు. మార్గము మూసికొనిపోయిన ఒకటి రెండు దినములలో ప్రాణమునకే మోసము వచ్చును.

పిల్లికి ఇంటిలో తొట్టి పెట్టుట పాత అలవాటే గాని, పూర్వము అందులో బూడిదయో ఇసుకయో పోసెడివారు. 1947 లో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రమున ఎడ్వర్డ్ లో అను వర్తకుడు, ఇసుక కావలెనని వచ్చిన పొరుగింటావిడకు తడిని పీల్చు బంకమన్ను ఇచ్చి చూచెను. అది ఆమెకు నచ్చుటతో 'కిట్టీ లిట్టర్' అని పేరు వ్రాసి సంచులలో అమ్మసాగెను. నేడు మన పట్టణములలోని దుకాణములలోను అటువంటి మన్ను దొరకుచున్నది. తడి తగిలినచోట ముద్దకట్టు బెంటొనైట్ మన్ను మన దేశమున కచ్ఛ్ ప్రాంతమున విస్తారముగా త్రవ్వుదురు. మెత్తని, పరిమళము కలుపని మన్ను ముసలి పాదములకు హితము; గరుకు ఇసుక నొచ్చును.

వైద్యుడు చెప్పిన తక్కిన మాటలు సులభమైనవే. మెట్లెక్కు పని లేకుండ అది పరుండు గదిలోనే తొట్టి యుండవలెను. ఒక్క పిల్లికైనను రెండు తొట్లు మేలు. పిల్లి నిలిచి తిరుగుటకు చాలినంత వెడల్పు కావలెను. లోనికి అడుగుపెట్టు వైపు అంచు రెండు మూడు అంగుళములకు మించరాదు. ప్రతిదినము ముద్దలు తీసివేయవలెను. తిండిగిన్నె ప్రక్కన తొట్టి పెట్టరాదు. చీకటిలో దారి కనబడుటకు చిన్న దీపము చాలును. తడుపుచున్నదని నీరు మాత్రము తగ్గింపరాదు. మూత్రపిండములు చెడిన పిల్లికి నీరే ఆధారము. తడిసిన చోటును ఫినాయిలుతో కడుగరాదు. ఆ మందును విరిచి బయటికి పంపు శక్తి పిల్లి కాలేయమునకు లేదు. పాదములకు అంటినది నాకినను విషమే. మనము నొప్పికి మ్రింగు పారాసిటమాల్ సైతము దానికి ప్రాణాంతకము. అమ్మోనియా వాసన గల ద్రవములు మూత్రపు వాసనను పోలి మరల అచ్చటికే పిలుచును. తడిని గుడ్డతో అద్ది, సబ్బునీటితో కడిగి, ఎంజైములు గల ద్రవము వాడిన వాసన విరుగును.

చేపల మార్కెట్టు సంగతియు చెప్పవలెను. ఆకలిదప్పులకు గురియగునట్లు పెంపుడు జంతువును కారణము లేక వదలివేయుట 1960 నాటి జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. నేను చట్టమునకు భయపడి తిరిగి వచ్చితినని చెప్పిన అబద్ధమగును. గౌరిని ఇంటికి తెచ్చునప్పుడు నాకు అమ్మ గుర్తు వచ్చినది.

చివరి సంవత్సరము అమ్మయు రాత్రివేళ స్నానాలగది వరకు నడువలేకపోయెడిది. పక్క తడిసిన ఒక రాత్రి "పిలవకూడదా అమ్మా!" అని నేను విసుగుకొంటిని. మరునాటినుండి ఆమె సాయంత్రము దాటిన పిదప మంచినీళ్ళు ముట్టుట మానినది. అది మాకు తెలియుటకు వారము పట్టినది. తెలిసిన పిదప మంచమును స్నానాలగది ప్రక్కకు జరిపితిమి. అంతటితో చిక్కు తీరినది. జరుపవలసినది మంచమే గాని మనిషిని కాదని ఒకమారు నేర్చుకొనియు, రెండేండ్లకే మరచితిని.

నేను విషయము చెప్పగా మా ఆవిడ మారుమాట లేక వంటయింటిలోనికి పోయి, చాకు కాల్చి తెచ్చి, కొత్త ప్లాస్టిక్ తొట్టి అంచును తానే కోసినది. ఒకటి అమ్మ మంచము క్రింద, మరొకటి నడవలో పెట్టితిమి. గోళ్ళు తీయించితిమి. మందులు, పథ్యము నడచుచున్నవి. రోగము కుదురునది కాదు. కాలము సుఖముగా గడచునని వైద్యుని మాట.

ఇప్పటికిని వారమున కొకమారు గౌరి తొట్టి చేరలేకపోవును. ఆ పని ఇప్పుడు నాది. అది తన ముఖము తాను తుడుచుకొనుచుండగా, ప్రక్కన నేను నేల తుడుచుచుందును. ధాత్వర్థమునకు భంగము లేదు.