రెండు నెలల స్టైపెండు, పదహారేళ్ళ వెతుకులాట

రెండేళ్ళ దాకా ఆ పాప అందరు పిల్లల్లాగే పెరిగింది. ఆ తర్వాత నేర్చిన మాటలు ఒక్కొక్కటే పోయాయి. బొమ్మ పట్టుకోవడం మానేసి, పొద్దస్తమానం రెండు చేతులూ నులుముకోవడం మొదలుపెట్టింది. 1983లో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఆ పాపను పరీక్షించిన డాక్టర్ హుదా జోగ్బీ అప్పటికింకా పిల్లల నరాల వైద్యంలో శిక్షణ పొందుతున్నారు. లెబనాన్‌లో అంతర్యుద్ధం రావడంతో బేరూత్‌లో వైద్యవిద్య మధ్యలో వదిలేసి, అమెరికాలో పూర్తిచేసుకున్నారావిడ.

వారం గడిచిందో లేదో, పన్నెండేళ్ళ అమ్మాయి ఒకతె వచ్చింది. ఫైలులో సెరిబ్రల్ పాల్సీ అని రాసి ఉంది. చూస్తే, చేతులు అచ్చం అలాగే నులుముకుంటోంది. స్వీడన్ వైద్యుడు బెంగ్ట్ హాగ్‌బెర్గ్ బృందం ఇలాంటి 35 మంది ఆడపిల్లల గురించి రాసిన వ్యాసం వచ్చింది ఆ ఏడాదే. వియన్నా డాక్టరు ఆండ్రియాస్ రెట్ 1966లోనే దీన్ని వర్ణించినా, అంతగా ఎవరి కంటా పడలేదు. ఆయన పేరుతోనే రెట్ సిండ్రోమ్ అంటున్నారు. దాదాపు పదివేల మంది ఆడపిల్లల్లో ఒకరికి వస్తుంది.

జబ్బుకు పేరు దొరికింది కదా అని జోగ్బీ ఊరుకోలేదు. ల్యాబులో చేరి జన్యుశాస్త్రం నేర్చుకున్నారు. దీనికి కారణమైన ఎంఈసీపీ2 అనే జన్యువును ఆమె బృందం పట్టుకునేసరికి 1999 వచ్చింది. అంటే పదహారేళ్ళు! 2007లో ఎడిన్‌బరోలో ఏడ్రియన్ బర్డ్ బృందం ఎలుకల్లో ఆ జన్యువును తిరిగి పనిచేయిస్తే, ముదిరిన లక్షణాలు సైతం తగ్గుముఖం పట్టాయి. తొలి మందు ట్రోఫినెటైడ్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2023లో. అది జబ్బును నయం చేయదు, కొన్ని లక్షణాలకు ఉపశమనం ఇస్తుందంతే.

ఇంత ఓపిక పట్టేవాళ్ళు కావాలంటే చదువుకునే రోజుల్లోనే వలవేయాలి. మెడిసిన్ తర్వాత పిల్లల వైద్యం, ఆపైన నరాల వైద్యం చదివేసరికి ముప్ఫై దాటుతాయి. ప్రాక్టీసు పెడితే వచ్చే డబ్బు ల్యాబులో రాదు. అందుకే అమెరికాలో చైల్డ్ న్యూరాలజీ ఫౌండేషన్, ఈ రంగానికి పెద్దదిక్కయిన డాక్టర్ కెన్నెత్ స్వైమన్ పేరిట వైద్య విద్యార్థులకు స్కాలర్‌షిప్ ఇస్తూ వచ్చింది. అక్కడి న్యూరాలజీ అకాడమీ కూడా వేసవి సెలవుల్లో పరిశోధన చేసే విద్యార్థులకు డబ్బు సాయం చేస్తుంది. మొత్తం పెద్దదేమీ కాదు. అసలు లాభం, ఒక గురువు దగ్గర కొన్ని వారాలు కూర్చునే అవకాశం.

మన దేశంలో ఇలాంటివాళ్ళ అవసరం ఏపాటిదో 2018లో ఒక అధ్యయనం చూపించింది. కాంగ్రా, పల్వల్, ఢెంకనాల్, ఉత్తర గోవా, హైదరాబాద్‌లలో 2 నుంచి 9 ఏళ్ళలోపు పిల్లలు 3,964 మందిని పరీక్షించారు. మూర్ఛ, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, వినికిడి లోపం వంటి తొమ్మిది సమస్యల్లో కనీసం ఒక్కటైనా ఉన్నవారు సుమారు ఎనిమిది మందిలో ఒకరని తేలింది. ముప్పు పెంచేవాటిలో కాన్పు ఇంట్లో జరగడం, నెలలు నిండకుండా పుట్టడం, మెదడుకు ఇన్‌ఫెక్షన్ సోకడం ఉన్నాయి. మన అమ్మలు డాక్టరుకు మొదట చెప్పే 'పుట్టగానే ఏడవలేదండీ' అన్న మాట కూడా ఆ జాబితాలోదే.

మెదడు ఇన్‌ఫెక్షన్ సంగతి తెలుగువారికి కొత్త కాదు. 2003లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు బారిన పడితే 183 మంది చనిపోయారు. కారణం చాందీపురా వైరస్ అని పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ తేల్చింది. 2024లో గుజరాత్‌లో అది మళ్ళీ విజృంభించింది.

ఇలాంటి ప్రశ్నల మీదికి విద్యార్థులను మళ్ళించే పథకం మన దేశంలోనూ పాతదే. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, 1979లో మొదలుపెట్టిన షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్ అది. మెడికల్ కాలేజీల్లో 'ఎస్టీఎస్' అంటే చాలు, అందరికీ తెలుసు. విద్యార్థి ఒక చిన్న ప్రశ్న ఎంచుకోవాలి. ఉదాహరణకు, జ్వరంతో ఫిట్స్ వచ్చిన పిల్లలను ఆసుపత్రికి తెచ్చేలోపు ఇంట్లోవాళ్ళు ఏం చేశారు? ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టారా, చేతిలో తాళాలు పెట్టారా, పక్కకు తిప్పి పడుకోబెట్టారా? గైడు పర్యవేక్షణలో రెండు నెలలు వార్డులో తిరిగి వివరాలు రాసుకుని, లెక్కలు కట్టి నివేదిక పంపాలి. అది ఆమోదం పొందాకే స్టైపెండు చేతికొస్తుంది. ఒకప్పుడు 20,000 ఉండేది, ఇటీవల 50,000 రూపాయలు చేశారు.

చిక్కంతా ఆ తర్వాతే. ఎస్టీఎస్ ముగించిన విద్యార్థి నేరుగా నీట్ పీజీ పుస్తకాల్లో మునిగిపోతాడు. ఇంట్లో వాళ్ళు అడిగేదీ సీటు గురించే. సైన్సు విద్యార్థులకు దారి కాస్త నయం. మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి ఫెలోషిప్ ఉంది. పీజీ తర్వాత జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ (జేఆర్ఎఫ్) సాధిస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు వస్తుంది. పరిశోధనకు హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ సంస్థలు, హర్యానాలోని మానేసర్‌లో జాతీయ మెదడు పరిశోధన కేంద్రం ఉన్నాయి. కానీ వార్డులో బిడ్డను చూసిన డాక్టరే ల్యాబులోకీ వెళ్ళడం అరుదు.

ఎస్టీఎస్ మీద ఆసక్తి ఉన్నవాళ్ళు నోటిఫికేషన్ దాకా ఆగితే చేతిలో సమయం ఉండదు. పిల్లల విభాగంలో గైడును ముందే మాట్లాడుకోవాలి. పిల్లల వివరాలు సేకరించడానికి కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి, తల్లిదండ్రుల సమ్మతి కావాలి. ఆ కాగితాలకే వారాలు పడుతుంది.